నాలుగెకరాలకు అల్లెగ్రో

గురువారం పొద్దున ఆశాజ్యోతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కూతురు రూతును స్కూలు వ్యానెక్కించాలి. ఒంటి గంటకు ఆ వ్యాను తిరిగొచ్చేలోగా పన్నెండు మాటలు కంఠతా పట్టాలి. మధ్యలో ఒక చారు, ఒక బెండకాయ వేపుడు. అంతే.

ఆ మాటలు తెలుగువి కావు, ఇంగ్లీషువీ కావు. ఇటలీ దేశానివట. ఐదు గీతల మీద చుక్కలు పెట్టి పాట రాస్తారు కదా, ఆ పాటలో ఎక్కడ మెల్లగా వెళ్ళాలి, ఎక్కడ గొంతు పెంచాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఆ మాటలే చెబుతాయని రెబెక్కా టీచరుగారు వివరించారు. ఆవిడ బడి నుంచి రిటైరై పదేళ్ళు దాటినా, భీమవరంలో ఆశాజ్యోతి వాళ్ళు వెళ్ళే లూథరన్ చర్చిలో పాటలు పాడే క్వయర్‌ను ఇప్పటికీ బడిలాగే నడుపుతారు. ఆ క్వయర్‌లో ఆడవాళ్ళ వరుసలో ఒక కుర్చీ ఖాళీ అయింది. శనివారం నాలుగింటికి పరీక్ష. పన్నెండు మాటలూ వచ్చినవాళ్ళకే కుర్చీ.

ఆశాజ్యోతికి ఆ కుర్చీ కావాలి. పాట కోసం కొంత. ఆ కుర్చీకి అటొకరు ఇటొకరు మనుషులుంటారని చాలా.

పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఈ వీధికి వచ్చి ఐదు నెలలైంది. భర్త ప్రేమ్ కుమార్ ఒక రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్. తెల్లవారకముందే మోటార్ సైకిలు మీద చెరువుల వెంట వెళ్ళి, దీపాలు పెట్టే వేళకు వచ్చి, అన్నం కలుపుతూనే కునికిపాట్లు పడతాడు. వీధిలోవాళ్ళు మర్యాదస్తులు. "బాగున్నారాండీ" అంటారు. "బాగున్నామండీ" అనేలోపు గేటు వేసుకుంటారు. పోయిన వారం లోను కావాలా అని ఫోను చేసిన అమ్మాయితో ఆశాజ్యోతి పావుగంట మాట్లాడింది. ఏ ఊరు, హాస్టల్లో తిండి ఎలా ఉంది, నీళ్ళు పడుతున్నాయా, జుట్టు ఊడుతోందా, అన్నీ అడిగింది. చివరికి ఫోను పెట్టేసింది ఆ అమ్మాయే.

చదువు తొమ్మిదో తరగతి సగంలో ఆగిపోయింది. అమ్మకు పక్షవాతం వచ్చింది, ఇంట్లో పెద్దపిల్ల తనే. అప్పటినుంచీ కాగితం మీద పెన్ను పెడితే చాలు, ఎవరో వెనకనుంచి తప్పులు చూస్తున్నట్టుంటుంది. టీచరుగారు చెప్పినవి తెలుగు అక్షరాల్లో రాసుకుందామని ఇల్లంతా వెతికితే దొరికింది భర్త కంపెనీ లెటర్ ప్యాడ్. పైన నీలం రంగులో కంపెనీ పేరు, మూలన మీసాలు చాచిన రొయ్య. దాని కింద ఆశాజ్యోతి స్కెచ్ పెన్నుతో, బడిలో బోర్డు మీద రాసినంత లావున రాసింది.

"అల్లెగ్రో – చురుగ్గా. అదాజియో – నెమ్మదిగా. క్రెషెండో – క్రమంగా పెంచుకుంటూ పోవాలి. డిమినుయెండో – క్రమంగా తగ్గించాలి. ఫెర్మాటా – చెప్పేవరకు అలాగే పట్టి ఉంచాలి. డా కాపో – మళ్ళీ మొదటినుంచి." ఇలా పదకొండు. పన్నెండోది సోలో. ఒక్కరే అని అర్థం. అది రాసుకోకపోయినా గుర్తుంటుంది గానీ, పన్నెండు నిండాలని రాసింది.

గిన్నెలు తోముకునే చప్టా పెరట్లో ఉంది. తోముకుంటూ చదువుకోవచ్చని ఆ కాగితాన్ని వంటింటి కిటికీ అద్దానికి, అక్షరాలు బయటికి కనపడేలా అతికించింది. పెరటి గోడకు అవతలి ఇల్లు రొయ్యల రైతు బంగార్రాజుది.

రొయ్యల చెరువులున్న చోట ఒక పద్ధతి ఉంది. పక్కవాడి గట్టు మీద నిలబడి కబుర్లు చెప్పవచ్చు, టీ తాగవచ్చు, పిల్లకు సంబంధం కూడా మాట్లాడవచ్చు. నీ చెరువులో ఏం మందు వేస్తున్నావని మాత్రం అడగకూడదు. అడిగినా నిజం చెప్పరు. అందుకని ఎవరికి వారు గట్టున పడేసిన ఖాళీ డబ్బాల మీద పేర్లు చదువుకుంటారు, చెత్తకుప్పలో అట్టపెట్టెలు తిప్పి చూస్తారు. అది దొంగతనం కిందికి రాదు, వ్యవసాయం కిందికే వస్తుంది.

బంగార్రాజు చెరువులో పది రోజులుగా రొయ్య మందకొడిగా ఉంది. వేసిన మేత వేసినట్టే మిగిలిపోతోంది. ఆ పొద్దున పళ్ళు తోముకుంటూ గోడ దగ్గరికి వచ్చిన ఆయనకు, టెక్నీషియన్ ఇంటి కిటికీలో, కంపెనీ కాగితం మీద, "అల్లెగ్రో – చురుగ్గా" అని కనపడింది. బ్రష్షు నోట్లో ఉండగానే లోపలికి వెళ్ళి ఫోను తెచ్చుకున్నాడు. ఫోటో తీసేటప్పుడు చెయ్యి వణక్కుండా గోడకు ఆనించాడు.

తొమ్మిదిన్నరకు ఆయన చెరువు మందుల కొట్టులో ఉన్నాడు. కొట్టు యజమాని రాజేంద్ర.

"అల్లెగ్రో ఉందా, రాజేంద్రా?"

రాజేంద్ర ఆ పేరు పుట్టి బుద్ధెరిగి వినలేదు. కానీ వినలేదంటే రైతు పక్క కొట్టుకు వెళతాడు. "నిన్నటిదాకా ఉందండి. అయిపోయింది. శనివారం వస్తది."

"క్రెషెండో?"

"రెండూ ఒకే బండిలో వస్తాయండి."

బంగార్రాజు వెళ్ళగానే రాజేంద్ర విజయవాడ డిస్ట్రిబ్యూటర్‌కు ఫోను చేశాడు. ఆయనా ఆ పేరు వినలేదు. ఆయనకూ పోటీదారులున్నారు. "డిమాండు బాగా ఎక్కువుందండి. వచ్చేవారం చూద్దాం," అన్నాడు. దాంతో మధ్యాహ్నానికల్లా అల్లెగ్రో అనేది లేని మందు కాస్తా దొరకని మందు అయింది. దొరకని మందుకు ఉండే గౌరవం వేరు. సాయంత్రానికి ఆ ఫోటో రైతుల వాట్సాప్ గ్రూపులో ఉంది. బంగార్రాజు ఒక్కరికే పంపాడు. ఆ ఒక్కరూ ఒక్కరికే పంపారు.

శుక్రవారం తొమ్మిదింటికి ఆశాజ్యోతి ఇంటి గేటు చప్పుడైంది. కొరియరేమో అనుకుని తలుపు తీస్తే బంగార్రాజు భార్య రామలక్ష్మి. చేతిలో గోంగూర పచ్చడి గిన్నె. ఆశాజ్యోతికి ముందు వచ్చిన ఆలోచన, ఎవరికో ఏదో అయిందని. రెండో ఆలోచన, ఇంట్లో కుర్చీ మీద ఉతికిన బట్టలున్నాయని.

బట్టలు తీసి కుర్చీ వేసింది. రామలక్ష్మి కూర్చుని, కిటికీ వంక ఒకసారి చూసింది.

"ఏంటమ్మాయ్, ఏవో రాసుకుంటున్నావంట."

ఆశాజ్యోతి బుగ్గలు వేడెక్కాయి. "ఏదో అండి. ఈ వయసులో."

"వయసుదేముందిలే. మంచియ్యే రాసుకున్నావ్. మా ఆయన చూసి తెగ మెచ్చుకున్నారు."

తొమ్మిదో తరగతి తర్వాత తన రాతను మెచ్చుకున్న మొదటి మనిషి బంగార్రాజు. ఆశాజ్యోతి టీలో రెండోసారి పంచదార వేసేసింది.

అడగకూడనిది అడగకుండా అడగడంలో రామలక్ష్మికి మంచి చెయ్యి. "నాకు తెలవక అంటాను. అయ్యన్నీ ఒకేసారా, ఒకదాని తర్వాత ఒకటా?"

"ఒక్కోటి ఒక్కో చోట వస్తుందండి. ముందు అదాజియో ఉంటే ఆ తర్వాత అల్లెగ్రో. క్రెషెండో దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలంట. ఒక్కసారే పెంచేస్తే మొత్తం పాడైపోద్దని టీచరుగారు చెప్పారు."

రామలక్ష్మికి మందు ఎక్కువై దెబ్బతిన్న క్రితం పంట కళ్ళముందు మెదిలింది. "ఎవరా టీచరుగారు?"

"రెబెక్కా టీచరుగారండి, మా చర్చిలో. యాభై ఏళ్ళుగా ఆవిడకి ఇదే పని."

"యాభై ఏళ్ళా. మరి బయట ఎవరికీ తెలవదే."

"ఎవరూ రావట్లేదనే ఆవిడ బాధండి. ఎవరొచ్చినా నేర్పుతారు. రేపు నాలుగింటికి అక్కడే ఉంటారు. ఒక్క రూపాయి తీసుకోరు."

"ఒక్క రూపాయీ తీసుకోదూ," అంది రామలక్ష్మి, గ్లాసు కింద పెట్టేస్తూ. కానీ వెంటనే లేస్తే బాగుండదని ఇంకో గంట కూర్చుంది. మోకాళ్ళ నొప్పి గురించి చెప్పింది. తునిలో ఉన్న అక్కగారి కోడలి గురించి చెప్పింది. ఆశాజ్యోతి ఆ కోడల్ని ఎప్పుడూ చూడకపోయినా, వెళ్ళేటప్పటికి ఆ కోడలి మీద ఒక అభిప్రాయం ఏర్పరచుకుంది.

ఆమె వెళ్ళిన పావుగంటకు ఎదురింటి శ్రీదుర్గ వచ్చింది. తర్వాత మూల ఇంటివాళ్ళు ఇద్దరు, వాళ్ళ వెనకే ఇంకో ముగ్గురు. ఇంట్లో ఉన్న గాజు గ్లాసులు నాలుగు. అవి చాలక స్టీలువి తీసింది. చివరికి వచ్చినావిడకు రూతు పాలు తాగే కప్పులో టీ ఇవ్వాల్సి వచ్చింది. ఒక్కరూ ఏమీ అనుకోలేదు. అందరూ కిటికీ వంక చూశారు, అందరూ బాగుందన్నారు. బెండకాయలు కోయకుండానే పదకొండున్నరైంది. గ్లాసులు కడుగుతూ ఆశాజ్యోతి పన్నెండు మాటల్లో ఒక్కటీ చదవలేదు. గ్లాసులే మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. ఎనిమిది.

అప్పుడు ఫోను మోగింది. ప్రేమ్ కుమార్ ఈ వేళప్పుడు ఎప్పుడూ చేయడు. ఆమె చెయ్యి తుడుచుకోకుండానే ఎత్తింది.

"ఏమైందండి? పడిపోయారా?"

"పడలేదు. ఆశా, మనింట్లో అల్లెగ్రో అని ఏమన్నా ఉందా?"

"ఉందండి. కిటికీకి."

చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడుకు అతను గొంతు పెంచాడు.

"పొద్దున్నుంచి ఆరు చెరువులు తిరిగా. ఆరు చోట్లా అదే అడిగారు. నేను తెలవదంటే నవ్వి, చెప్పవులే అన్నారు. ఇప్పుడు మా మేనేజర్ చేసి, కంపెనీ ప్యాడ్ మీద సొంతంగా ఏం అమ్ముతున్నావ్ అంటున్నాడు. ఏంటది?"

"పాటలదండి," అంది ఆశాజ్యోతి.

అంతా చెప్పింది. అతను నవ్వలేదు, కోప్పడలేదు. ఎండలో నిలబడినవాడికి ఆ రెండింటికీ ఓపిక ఉండదు. "మేనేజర్‌కి నేను చెప్పుకుంటాలే. ఆ కాగితం తీసెయ్. వచ్చినవాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్. లేకపోతే రేపు చెరువులో ఏదో పోసుకుంటారు."

ఫోను పెట్టాక ఆశాజ్యోతి చాలాసేపు చప్టా మీదే కూర్చుంది. గోంగూర పచ్చడి మందు కోసం. మెచ్చుకోవడం మందు కోసం. మోకాళ్ళ నొప్పి కూడా మందు కోసమేనేమో. ఒక్క మాట చెబితే చాలు, వీధి మళ్ళీ "బాగున్నారాండీ" దగ్గరికి వెళ్ళిపోతుంది.

చెప్పేద్దామనే అనుకుంది. సాయంత్రం రామలక్ష్మి, శ్రీదుర్గ కలిసి వస్తే గుమ్మంలోనే నోరు తెరిచింది.

"నీ చేతి టీ బాగుంటదమ్మాయ్. మా ఇంట్లో ఎవరికీ కుదరదు," అంది శ్రీదుర్గ.

ఆశాజ్యోతి తెరిచిన నోటితోనే, "రండి, కూర్చోండి," అంది. రేపు చెప్పవచ్చు. టీచరుగారి ముందు చెబితే ఇంకా బాగా అర్థమవుతుంది. ఇలా తనకు తానే నచ్చజెప్పుకుని, వాళ్ళు వెళ్ళాక కాగితం మాత్రం తీసేసింది.

అది చెప్పకపోవడం కంటే పెద్ద పొరపాటు. కిటికీ ఖాళీగా కనపడిన పది నిమిషాలకు గ్రూపులో మెసేజి వచ్చింది. "కంపెనీవాళ్ళు పీకించేశారు. అంటే నిజంగా పనిచేసే మందే."

శనివారం నాలుగింటికి రూతును చెయ్యి పట్టుకుని ఆశాజ్యోతి చర్చి మెట్లెక్కేటప్పటికి బయట చెప్పులు చాలా ఉన్నాయి. క్వయర్‌లో ఉన్నదే నలుగురు. ఆ చెప్పులకు చెరువు మట్టి ఉంది.

లోపల మగవాళ్ళు ఆరుగురు వరుసగా కూర్చుని ఉన్నారు. రైతుల ఒళ్ళో ఒక్కో ప్లాస్టిక్ సీసా, సీసాలో పచ్చటి చెరువు నీళ్ళు. చివరన రాజేంద్ర, డీలర్‌షిప్పు అడుగుదామని ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వాళ్ళ ఎదుట రెబెక్కా టీచరుగారు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ ముఖంలో అంత వెలుగు ఆశాజ్యోతి ఎన్నడూ చూడలేదు. మగ గొంతులు లేక ఆ క్వయర్ పదకొండేళ్ళుగా కుంటుతోంది. ఆరు గొంతులు ఒకేసారి, పిలవకుండా, తలలు దువ్వుకుని వచ్చాయి.

"కులమతాలతో నాకు పని లేదు. నేర్చుకోవాలని ఉంటే చాలు," అన్నారు టీచరుగారు. "ముందు ఏం కావాలి?"

ఉదయభాస్కర్ అనే రైతు లేచి చేతులు కట్టుకున్నాడు. "అల్లెగ్రోనండి. నాలుగెకరాలకు."

"ఎకరాల సంగతి నాకెందుకు. ఊపిరి ఎలా ఉంది?"

ఉదయభాస్కర్ పక్కవాళ్ళ వంక చూశాడు. చెరువు చూడకుండానే ఆవిడ జబ్బు కనిపెట్టేసింది. "అక్కడే వచ్చిందండి ఇబ్బంది. తెల్లారేసరికి ఊపిరాడక పైకి తేలిపోతన్నాయి."

"కొత్తలో పైపైనే తేలిపోతుంది. కడుపులోంచి రావాలి."

"కడుపు చూశామండి. తెల్లగా ఉంది."

టీచరుగారి కర్ర గాలిలో ఆగింది. "ఎవరి కడుపు?"

"అవి మందులు కావండి," అంది ఆశాజ్యోతి, గుమ్మంలోంచే.

అందరూ వెనక్కి తిరిగారు. ఆమె రూతు చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆ పిల్ల చెయ్యి లాక్కుంది. "అవి పాటకి సంబంధించినవండి. ఎలా పాడాలో చెప్పే మాటలు. పరీక్ష ఉందని రాసుకున్నాను. ఇంట్లో వేరే కాగితం లేదు. మీరు మందులనుకున్నారని నిన్న మధ్యాహ్నమే తెలిసిందండి. చెబితే ఇంక మా ఇంటికి ఎవరూ రారని చెప్పలేదు."

ఆ ఆఖరి మాట చెప్పాల్సిన అవసరం లేదు. కానీ ఐదు నెలలుగా మూసి ఉన్న నోరు తెరుచుకుంటే ఎక్కడ ఆగాలో దానికి తెలియదు.

 ఉదయభాస్కర్ తన సీసాను తువ్వాలుతో కప్పాడు. తర్వాత రాజేంద్ర వైపు తిరిగి, మెల్లగా అడిగాడు. "ఇవాళ బండిలో వస్తదన్నావుగా."

"వస్తదనే అనుకున్నానండి," అన్నాడు రాజేంద్ర. "విజయవాడ ఆయన డిమాండు ఎక్కువుందన్నాడు."

అప్పటిదాకా మాట్లాడని బంగార్రాజు గొంతు సవరించుకున్నాడు. "మరి తగ్గించమన్నది?"

"గొంతండి," అంది ఆశాజ్యోతి.

"నేను మేత తగ్గించానమ్మా." అందరూ ఆయన వైపు చూశారు. అలాంటి సంగతి పదిమందిలో చెప్పడం ఆయనకూ అలవాటు లేదు. నేల వంక చూస్తూ చెప్పాడు. "మందు దొరకలేదు కదా, పేర్ల పక్కన రాసినయ్యన్నా చేద్దామనుకున్నా. నెమ్మదిగా అన్నావని పడవ మీద నెమ్మదిగా తిరిగి చల్లా. తగ్గించాలన్నావని మూడు పూటలు తగ్గించుకుంటా వచ్చా. పొద్దున చూస్తే మేత ట్రేలో ఒక్క గింజ మిగల్లేదు. రొయ్య ఎగిరెగిరి పడతంది."

"ప్రేమ్ కుమార్ నెల్నుంచి అదే చెబుతున్నాడుగా, మేత ఎక్కువైందని," అన్నాడు ఉదయభాస్కర్.

"ఆయన ఊరికే చెప్పాడు. ఇది రాసి ఉంది."

 ఒక్కొక్కరే లేచి, టీచరుగారికి దణ్ణం పెట్టి, సీసాలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. ఎవరూ ఆశాజ్యోతిని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. తిట్టిన మనిషితో రేపు సమాధానపడటానికైనా మాట్లాడవచ్చు. బంగార్రాజు కూడా ఆమె పక్కనుంచి తల వంచుకునే వెళ్ళాడు.

ఖాళీ అయిన కుర్చీల వంక టీచరుగారు కాసేపు చూశారు. పదకొండేళ్ళ తర్వాత వచ్చిన ఆరు మగ గొంతులు చెప్పులు వేసుకుంటున్న చప్పుడు విన్నారు. తర్వాత కర్రతో బల్ల మీద కొట్టారు.

"పరీక్ష ఇంకా అవలేదు. అల్లెగ్రో?"

"చురుగ్గా అండి."

"ఫెర్మాటా?"

ఆశాజ్యోతి వరసగా చెప్పుకుంటూ పోయింది. ఒక్కటీ తడబడలేదు. పదకొండు అయ్యాయి.

"సోలో?"

ఆమెకు తెలుసు. నోరు తెరిచి రెండుసార్లు ప్రయత్నించింది. మాట బదులు ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. రూతు తన జేబురుమాలు తీసి ఇచ్చింది.

"పదకొండు," అన్నారు టీచరుగారు. "కుర్చీకి పన్నెండు కావాలి." కర్రతో కీబోర్డు పక్కన చూపించారు. "పేజీలు తిప్పడానికి మనిషి లేదు. పాట ఎక్కడిదాకా వచ్చిందో తెలిసినవాళ్ళే తిప్పగలరు. కుర్చీ కాదు, స్టూలు. బుధవారం, శనివారం. మధ్యలో మాట్లాడకూడదు."

ఆశాజ్యోతి సరేనంది. ఆ సాయంత్రమే గంటన్నరసేపు స్టూలు మీద కూర్చుని పేజీలు తిప్పింది. అటూ ఇటూ మనుషులున్నారు. నలుగురి ముందూ నాలుగు పుస్తకాలు. ప్రార్థన అవగానే ఎవరి ఆటో వాళ్ళు ఎక్కారు.

సోమవారం ఎనిమిదింటికి వ్యాను వెళ్ళిపోయింది. ఆశాజ్యోతి గేటు వేసి, గ్యాసు కట్టేసిందో లేదో రెండుసార్లు చూసుకుని, గాజు గ్లాసులు నాలుగూ పై అరలో పెట్టేసింది. ఇంట్లో చప్పుడంతా కుళాయిదే.

తొమ్మిదింటికి గేటు చప్పుడైంది. రామలక్ష్మి. చేతిలో గిన్నె లేదు.

ఆశాజ్యోతి కుర్చీ వేయకుండా నిలబడింది. "ఆ కాగితంలో ఇంకేం లేవండి. అన్నీ అంతే. పాటలవే."

"తెలుసులే. మా ఆయన చెప్పారు." రామలక్ష్మి తనే కుర్చీ జరుపుకుని కూర్చుంది. "పచ్చడి గిన్నె తీసుకెళ్దామని వచ్చా."

ఆశాజ్యోతి గిన్నె తెచ్చి చేతికిచ్చింది. రామలక్ష్మి దాన్ని పక్కన పెట్టింది. లేవలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, కిటికీ వంక కాకుండా గోడ వంక చూస్తూ అంది.

"పొద్దున పళ్ళు తోముకుని ఆయన చెరువు మీదకి పోతే, మళ్ళీ రాత్రికే. వచ్చాక రొయ్య మాటే. పిల్లలు హాస్టల్లో. పదిహేనేళ్ళబట్టి ఆ గోడ అవతల నాకూ ఇదే వరస. నువ్వు మొన్న ఆ మాట నలుగురిలో అన్నావంట కదా, ఇంటికి ఎవరూ రారని. మా ఆయన ఇంటికొచ్చి చెప్పి నవ్వారు. నాకు నవ్వు రాలేదు." ఆమె గొంతు తగ్గింది. "టీ పెట్టమ్మాయ్. తునిలో మా అక్కగారి కోడలు ఉందే, నిన్న ఏం చేసిందో చెబుతాను."

ఆశాజ్యోతి పై అరలోంచి రెండు గ్లాసులు తీసింది. ఆమె దగ్గర చెప్పడానికి ఐదు నెలల మాటలున్నాయి. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో టీ మరిగేలోపు ఒక వరుసలో పెట్టుకుని, గ్లాసులు పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

ఒంటి గంటకు స్కూలు వ్యాను వచ్చేదాకా ఆమెకు ఒక్క మాట మాట్లాడే సందు దొరకలేదు.